తినేవాళ్లకు చెప్పనక్కర్లేదా?

2006 మొదట్లో వరంగల్ జిల్లాలో గొర్రెలు చచ్చిపోయాయి. పత్తి ఏరడం అయిపోయాక చేలను మేతకు వదిలేయడం తెలంగాణలో పాత రివాజే. రైతుకు చేను శుభ్రపడుతుంది, నాలుగు పెంటికలు పడతాయి. గొల్లకురుమలకు ఎండలు ముదిరేలోపు కొన్నాళ్ల మేత దొరుకుతుంది. ఆ ఏడాది కూడా అలాగే తోలారు. మూడు నాలుగు రోజులు వరసగా జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తి ఆకు, పచ్చికాయ మేసిన మందల్లో జీవాలు డీలా పడ్డాయి. నోట్లో పుళ్లు, ఉబ్బిన కడుపులు, కారే ముక్కులు. వారం తిరిగేలోపు ఒక్కొక్కటే కూలిపోయాయి. ఆంత్ర అనే పశువైద్యుల సంస్థ, సుస్థిర వ్యవసాయ కేంద్రం, గొర్రెలు మేకల పెంపకందార్ల యూనియన్ కలిసి ఊళ్లు తిరిగాయి. నాలుగు ఊళ్లలోనే 1,820 గొర్రెలు పోయాయని లెక్క కట్టాయి. మామూలు పత్తి చేలో మేసినప్పుడు ఇలాంటిది ఎన్నడూ చూడలేదని కాపరులు మొత్తుకున్నారు.

కాపరి మాటను ఎవరు వింటారు? కొన్ని నమూనాలు ల్యాబులకు వెళ్లాయి. చివరికి ఢిల్లీలో జన్యు మార్పిడి పంటలకు అనుమతులిచ్చే కమిటీ, అదే జీఈఏసీ, తేల్చి చెప్పిందేమిటంటే: చావులకు పురుగును చంపడానికి ఆ పత్తిలో పెట్టిన బీటీ ప్రొటీన్ కారణం కాదు, మేతలో నైట్రేట్లు, నైట్రైట్లు, హైడ్రోజన్ సైనైడ్, ఆర్గానోఫాస్ఫేట్ మందుల అవశేషాలు ఎక్కువై ఉండొచ్చు.

సరే. బీటీయే చంపిందని నేనూ అనడం లేదు. అనడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ ఆ జవాబును ఇంకోసారి నెమ్మదిగా చదవండి. పురుగుమందు కొట్టే పని తగ్గుతుందని ఊరూరా గోడల మీద రాసి అమ్మిన విత్తనం అది. ఆ చేలో ఆకు తిన్న గొర్రె పురుగుమందుతో చచ్చి ఉండొచ్చని సర్కారే చెబుతోందంటే, అమ్మినప్పుడు ఇచ్చిన మాట ఏమైనట్టు? ఆ ఆకుల మధ్యే నడుం వంచి పొద్దస్తమానం పత్తి ఏరిన ఆడవాళ్ల ఒంట్లోకి ఎంత విషం చేరినట్టు? ఆ గొర్రె మాంసం అంగడికి పోలేదని ఎవరు హామీ ఇచ్చారు? 'కారణం ఫలానా అయి ఉండొచ్చు' అన్న దగ్గర పని మొదలవ్వాలి. మన దగ్గర అక్కడే ఫైలు మూసేస్తారు. ఉండొచ్చు అన్న మాటను లేదు అన్న మాటగా చదివేసి అందరూ ఇళ్లకు పోయారు.

అదే 2006లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి బీటీ పత్తి మీద చాలా కోపం వచ్చింది. కోపం గొర్రెల గురించి కాదు. 450 గ్రాముల ప్యాకెట్‌ను 1,850 రూపాయలకు అమ్ముతున్నారని, అందులో పెద్ద ముక్క టెక్నాలజీ ఫీజు కింద కంపెనీకే పోతోందని. గుత్తాధిపత్యాన్ని అదుపు చేసే ఎంఆర్‌టీపీ కమిషన్ దాకా వెళ్లి కొట్లాడింది, గెలిచింది, ధరను 750కి దింపించింది. మంచి పని, రైతుకు మేలు జరిగింది, కాదనను. కానీ ఒకే ఏడాదిలో, ఒకే విత్తనం మీద, డబ్బు విషయానికి అంత పట్టుదల చూపించిన యంత్రాంగానికి ప్రాణం విషయం వచ్చేసరికి నిద్ర ఎందుకు పట్టింది? తలుచుకుంటే ఎంత గట్టిగా అడగగలదో ఆ కేసే చూపించింది. అందుకే మరీ ఒళ్లు మండుతుంది. చేతకాక ఊరుకుంటే జాలిపడొచ్చు. చేతనయ్యీ ఊరుకున్నారు.

పత్తి గుడ్డకే కదా, తిండికి కాదు కదా అంటారు. ఇదే పెద్ద బుకాయింపు. పత్తి నుంచి దూది తీశాక మిగిలేది గింజ. ఆ గింజ మిల్లుకు పోతుంది. నూనె మనకు, చెక్క పశువులకు. గుజరాత్‌లో పత్తి గింజల నూనె వంటింట్లోనే ఉంటుంది. మన దగ్గర అది ఏ డబ్బాలో, ఏ మూకుట్లో కలుస్తుందో బజ్జీల బండి దగ్గర నిలబడి మీరే చెప్పండి చూద్దాం. పత్తి చెక్క గేదెకు పెడితే పాలలో వెన్న బాగా వస్తుందని ఏ పాడిరైతునడిగినా చెబుతాడు. 2002లో అనుమతి వచ్చాక కొన్నేళ్లకే దేశంలో పత్తి దాదాపు అంతా బీటీ అయిపోయింది. అంటే ఇరవై ఏళ్లుగా ఆ నూనె, ఆ చెక్క, ఆ పాలు మన మధ్యనే తిరుగుతున్నాయి. శుద్ధి చేసిన నూనెలో ప్రొటీన్ మిగలదని శాస్త్రవేత్తలు అంటారు. నమ్ముతాను, అందులో తర్కం ఉంది. మరి చెక్కలో మిగులుతుంది కదా? దానికి సమాధానం ఏదైనా ఉంటే ఆ సంగతి పాలు తాగే ఇంటికి ఎప్పుడైనా చెప్పారా?

ఇప్పుడు దీని మీద ఇంకో పొర చేరింది. ఆదిలాబాద్ నుంచి గుంటూరు దాకా రైతులు 'బీజీ త్రీ' అని, 'గడ్డిమందు పత్తి' అని పిలుచుకునే విత్తనానికి ఈ దేశంలో అనుమతే లేదు. గ్లైఫోసేట్ కొట్టినా మొక్క చావదు, గడ్డి మాత్రమే చస్తుంది. కూలీల ఖర్చు మిగులుతుందని రైతు కొంటాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు, కలుపు కూలి ఎంతైందో నాకూ తెలుసు. ప్రతి జూన్‌లో పోలీసులు రెండు మూడు లారీలు పట్టుకుంటారు, పత్రికల్లో ఫొటోలు వస్తాయి. ఆ తర్వాత ఆ పంట గింజా అదే మిల్లుకు పోతుంది. అనుమతే లేని పంటకు ఆహార భద్రత పరీక్ష ఎవరు చేస్తారు? దొంగ విత్తనం అని పోలీసుకు అప్పగించి, ఆ గింజ నూనెను మాత్రం ఏ శాఖా తనది కాదన్నట్టు చూస్తోంది.

2021 ఆగస్టు సంగతి మరిచిపోయారా? సోయా చెక్క ధర మండిపోతోందని కోళ్ల పరిశ్రమ గగ్గోలు పెడితే 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్కను దిగుమతి చేసుకోనిచ్చారు. చెక్కలో జీవమున్న విత్తనమేదీ ఉండదు కాబట్టి పర్యావరణానికి అభ్యంతరం లేదన్నారు. నిజమే, చెక్క మొలకెత్తదు. కానీ మొలకెత్తడం ఒక్కటేనా భయం? కోడి తింటుంది, గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు అంగన్‌వాడీకి పోతుంది. ధర పెరిగినప్పుడు వారాల్లో సంతకం పెట్టగలిగిన చేతులకు, 'ఈ చెక్క తిన్న కోడి గుడ్డును పరీక్షించి ఫలితం ఇక్కడ పెట్టాం చూడండి' అని ఒక్క కాగితం గోడకు అంటించడం ఎందుకు బరువైంది?

వంకాయ దగ్గరకు వస్తాను. 2009 అక్టోబరులో జీఈఏసీ బీటీ వంకాయకు పచ్చజెండా ఊపింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఏడు నగరాల్లో జనం మాట విన్నారు, అందులో హైదరాబాద్ ఒకటి. 2010 ఫిబ్రవరి 9న నిలిపివేశారు. పురుగును ఆపినంత తేలిగ్గా మనుషుల భయాన్ని ఆపలేమని ఆయనకు అర్థమైంది. దీర్ఘకాలంలో మనుషుల ఆరోగ్యానికి, నేలకు హాని లేదని స్వతంత్ర అధ్యయనాలు తేల్చేదాకా ఆగుదామన్నారు. అప్పటికి ఆహార భద్రతకు చూపించిన ముఖ్యమైన పరీక్షల్లో ఒకటి 90 రోజుల ఎలుకల పరీక్ష. చేయించింది కంపెనీయే, లెక్కలు కంపెనీవే. ఆ లెక్కల కాగితాలు బయటకు రావడానికి కోర్టుకెక్కాల్సి వచ్చింది. పెళ్లిసంబంధానికి అబ్బాయి గుణగణాల గురించి అబ్బాయి తండ్రినే అడిగి, ఆయన సంతకం చేసిన కాగితంతో ముహూర్తం పెట్టేసినట్టుంది ఈ వ్యవహారం.

ఆగుదామన్నారు, ఆగారు. బాగుంది. కానీ ఆ ఆగిన కాలంలో ఏం జరిగింది? ఆ స్వతంత్ర అధ్యయనాలు ఏవి? పుష్ప మిత్ర భార్గవ ఇందుకోసమే మొత్తుకున్నాడు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థను కట్టినవాడు ఆయన. జీవశాస్త్రం తెలియక భయపడ్డాడని ఆయన్ని ఎవరూ అనలేరు, ఈ దేశానికి ఆధునిక జీవశాస్త్రం నేర్పినవాళ్లలో ఆయన ఒకడు. 2008లో సుప్రీంకోర్టు ఆయన్ని జీఈఏసీకి పరిశీలకుడిగా పంపింది. ఏయే పరీక్షలు చేయాలో, అందులో ఏవి అసలు చేయలేదో, ఏవి మొక్కుబడిగా చేశారో వరసగా రాసి ఇచ్చాడు. కంపెనీ డబ్బుతో నడవని, ప్రజలకు జవాబు చెప్పే ఒక పరీక్షా కేంద్రం పెట్టండయ్యా అని ఎన్ని వేదికల మీద అడిగాడో. 2017 ఆగస్టు 1న పోయాడు. సంతాప సభల్లో పెద్ద పెద్ద మాటలన్నారు. ఆయన అడిగిన పరీక్షా కేంద్రం ఊసు ఆ మాటల్లో ఎవరూ ఎత్తలేదు అనిపిస్తుంది నాకు. పూలదండకు పెద్దగా ఖర్చు కాదు.

ఆయన ఒక్కడే కాదు. 2012లో బసుదేవ్ ఆచార్య నాయకత్వంలో పార్లమెంటు వ్యవసాయ స్థాయీ సంఘం చెప్పింది. 2013లో సుప్రీంకోర్టు నియమించిన నిపుణుల కమిటీ చెప్పింది. 2017 ఆగస్టులో, భార్గవ పోయిన నెలలోనే, ఒకప్పుడు మన ఖమ్మం నుంచి లోక్‌సభకు వెళ్లిన రేణుకా చౌదరి అధ్యక్షతన ఇంకో పార్లమెంటరీ సంఘం చెప్పింది. అందరి మాటల సారం ఒకటే: పరీక్ష సరిగా లేదు, సరిచేసేదాకా ముందుకు పోవద్దు. ఇన్ని కమిటీలు ఇన్నిసార్లు ఒకే మాట అంటే ఇంట్లో చిన్నపిల్లవాడైనా వింటాడు. 2022 అక్టోబరులో జన్యుమార్పిడి ఆవాలకు అనుమతి ఇచ్చేశారు. 2024 జులై 23న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు ఆ అనుమతి చెల్లుతుందా లేదా అన్న దగ్గర విడిపోయారు. అయితే దేశానికి ఒక విధానం కావాలనీ, నాలుగు నెలల్లో అందరితో మాట్లాడి దాన్ని తయారు చేయాలనీ ఇద్దరూ కలిసే అన్నారు. ఆ నాలుగు నెలలు ఎప్పుడో దాటాయి.

దుకాణంలోకి రండి. జన్యుమార్పిడి సరుకుంటే ప్యాకెట్ మీద రాయాలని 2013 జనవరి 1న తూనికలు కొలతల నిబంధన అమల్లోకి వచ్చింది. మీరు ఎప్పుడైనా జీఎం అన్న ఆ రెండక్షరాలు చూశారా? నేను కిరాణా కొట్టులో కళ్లజోడు పెట్టుకుని వెతుకుతుంటాను, ఆ కొట్టబ్బాయి నన్ను చూసి నవ్వుకుంటాడు. 2018లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 65 ఆహార పదార్థాలు కొని పరీక్షించింది. 32 శాతంలో జన్యుమార్పిడి ఆనవాళ్లు దొరికాయి, ఎక్కువ భాగం దిగుమతి సరుకు. మన దగ్గర తయారైన వాటిలో ఇరుక్కున్నది పత్తి గింజల నూనె. ఒక స్వచ్ఛంద సంస్థ తన డబ్బుతో 65 ప్యాకెట్లు కొని చేసిన పనిని, దేశమంతా ల్యాబులున్న ఆహార భద్రత సంస్థ ముందే ఎందుకు చేయలేదు? ఆ ఆహార భద్రత సంస్థ 2021 నవంబరులో జన్యుమార్పిడి ఆహారం మీద ఒక నిబంధనల ముసాయిదా పెట్టింది, మరుసటి ఏడాది దాన్ని సవరించింది. ముసాయిదా మీద ముసాయిదా. ఈలోపు ఎన్ని ప్యాకెట్లు కొన్నాం, ఎన్ని ప్యాకెట్లు పిల్లలకు పెట్టాం!

ఇక మన కంచంలోకి నేరుగా వచ్చిన సంగతి. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ రెండు జన్యు సవరణ వరి రకాలను విడుదల చేశారు. ఒకటి కమల, డీఆర్‌ఆర్ ధాన్ 100. దాన్ని తయారుచేసింది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ, దేన్నుంచంటే సాంబ మసూరి నుంచి. రెండోదానికి మూలం ఎంటీయూ 1010, కాటన్‌దొర సన్నాలు. ఒకటి బాపట్లలో పుట్టిన వంగడం, ఇంకోటి మార్టేరులో పుట్టింది. అంటే దేశమంతటికీ ముందుగా సవరించింది తెలుగువాళ్లు రోజూ తినే అన్నాన్నే. కమల ఇరవై రోజులు ముందు కోతకొస్తుందట, దిగుబడి 19 శాతం పెరుగుతుందట. ఆ శాస్త్రవేత్తలు మనవాళ్లు, వాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. బయటి జన్యువు కలపలేదు, ఉన్న జన్యువునే కత్తిరించారు. ప్రకృతిలోనూ అలాంటి మార్పు రావొచ్చు అంటారు. అదీ నిజం కావొచ్చు. కానీ 2022 మార్చి 30న ఒక కాగితంతో ఇలాంటి పంటలను 1989 నాటి జీవభద్రత నిబంధనల్లోని ముఖ్యమైన వాటి నుంచి తప్పించేశారు, ఇక జీఈఏసీ గుమ్మం తొక్కే పనే లేదు. ఎవరితో మాట్లాడి తప్పించారు? సాంబ మసూరి అన్నం తిననిది ఏ ఇల్లు? ఆ ఇంటికి ఒక మాట చెప్పాలన్న మర్యాద కూడా లేకపోయింది.

'అమెరికావాళ్లు ముప్పై ఏళ్లుగా తింటున్నారు, ఏమైంది?' ఈ ప్రశ్న వేసేవాళ్ల మీద నాకు కోపం లేదు, ప్రశ్న మంచిదే. కానీ దశాబ్దాలపాటు లేబుల్ లేకుండా తిన్న జనంలో ఎవరు ఎంత తిన్నారో ఏ పుస్తకంలో చూసి చెబుతారు? సూటిగా చెబుతాను: చూడనివాళ్లకు ఏమీ కనపడదు. చూసినచోట కనపడింది కూడా. బ్రెజిల్ గింజ నుంచి ఒక ప్రొటీన్‌ను సోయాలోకి తెచ్చినప్పుడు, ఆ గింజ పడనివాళ్లకు ఆ సోయా కూడా పడదని 1996లో పరీక్షలోనే తేలింది, ఆ సోయా మార్కెట్‌కు రాలేదు. ఆస్ట్రేలియాలో 2005లో బఠాణీలోకి చిక్కుడు ప్రొటీన్ తెచ్చారు. ఎలుకల ఊపిరితిత్తులు వాచాయి, అక్కడితో ఆపేశారు. అమెరికాలో పశువుల దాణాకే అనుమతించిన స్టార్‌లింక్ మొక్కజొన్న 2000లో మనుషులు తినే రొట్టెల్లో తేలి, సరుకంతా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మొదటి రెండింటిలో పరీక్ష పని చేసింది, మూడోదానిలో దాణాకూ తిండికీ మధ్య గోడ నిలబడదని తెలిసింది. మన పత్తి చెక్క సంగతి మళ్లీ చెప్పనక్కర్లేదు.

అన్నట్టు, బీటీ తింటే కేన్సర్ వస్తుందని, సంతానం కలగదని వాట్సాప్‌లో బొమ్మలు పంపేవాళ్ల మీదా నాకు అంతే మంట. ఆధారం లేని భయం పుట్టిస్తే లాభపడేది కంపెనీయే. 'చూశారా, వీళ్లంతా మూఢులు' అని అసలు ప్రశ్ననూ ఆ చెత్తబుట్టలోనే పారేస్తారు.

ఇంతకీ ఆ 90 రోజుల ఎలుక ఎలాంటి ఎలుక? గాజు పంజరంలో, కొలిచిన వేడిలో, మాంసకృత్తులు విటమిన్లు లెక్క తప్పని దాణా తిని బలిసిన ఆరోగ్యవంతమైన ఎలుక. ఆ ఎలుకకు ఏమీ కాలేదంటే సంతోషమే. కానీ ఈ కొత్త తిండి తినబోయేది ఎవరు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో, ఆరు నెలలు దాటి అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. రెండేళ్లలోపు పిల్లల్లో చాలినంత, తగినన్ని రకాల తిండి అందేది దేశం మొత్తం మీద నూటికి పదకొండు మందికే. వర్షాకాలం వస్తే డెంగీ, చికున్‌గున్యా, చలికాలం వస్తే జలుబు జ్వరాలు. సగం ఆకలితో, పల్చటి రక్తంతో, జ్వరం మీద జ్వరంతో ఉన్న ఒంట్లో కొత్త ప్రొటీన్ ఎలా ఉంటుందో ఆ బలిసిన ఎలుక చెప్పగలదా? ఇది నాకు తోచిన పెడసరి ప్రశ్న కాదు. ఒంట్లో తిండి మారితే జబ్బు తీరే మారుతుందని వైద్యశాస్త్రానికి ఎప్పుడో తెలుసు.

చైనాలో కేషాన్ అనే జిల్లా ఉంది. అక్కడ 1935లో బయటపడ్డ గుండెజబ్బుకు ఆ జిల్లా పేరే పెట్టారు. ఎక్కువగా పిల్లలూ, ఆడవాళ్లూ గుండె కండరం పాడై చచ్చిపోయేవాళ్లు. ఆ నేలలో సెలీనియం లేదు, కాబట్టి పంటలో లేదు, కాబట్టి ఒంట్లో లేదు. 1970ల్లో సెలీనియం మాత్రలిస్తే జబ్బు తగ్గుముఖం పట్టింది. కానీ కొరత ఏడాది పొడుగునా ఉంటే జబ్బు మాత్రం కొన్ని కాలాల్లోనే ఎందుకు విజృంభిస్తోంది? వెతికితే కాక్సాకీ అనే వైరస్ దొరికింది. 1990ల్లో మెలిండా బెక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బృందం ఆ జాతి వైరస్‌లలోనే గుండెకు హాని చేయని ఒక సాధువైన రకాన్ని సెలీనియం లేని ఎలుకల్లో పెట్టింది. సాధువు కాస్తా గుండెను తినేసింది. సరే, ఎలుక బలహీనం కాబట్టి అనుకోవచ్చు. ఆ వైరస్‌ను తీసి బాగా తిన్న ఎలుకల్లో పెట్టారు. వాటి గుండెలూ దెబ్బతిన్నాయి. వైరస్ జన్యువులోనే ఆరు చోట్ల మార్పులు వచ్చాయి. ఫ్లూ వైరస్ విషయంలోనూ తర్వాత ఇలాంటిదే చూశారు.

అంటే ఏమిటో ఆలోచించారా? తిండి లేని ఒంట్లో వైరస్ ఆ ఒంటికే చేటు చేసి ఊరుకోదు, తానే మారి పొరుగింటి బలిసిన ఒంటి మీదా పగబడుతుంది. ఎలుకల్లో తేలింది మనుషుల్లో ఎంతవరకు వర్తిస్తుందన్నది ఇంకా తేలాల్సిన సంగతే. ఆ తేల్చే పనికే కదా ప్రభుత్వాలు ఉన్నది! పేదల ఇంట్లో పిల్లాడు ఏం తింటున్నాడన్నది వాడి ఇంటి గొడవ అని అనుకునే అపార్టుమెంటు జనానికైనా ఈ ప్రయోగం నిద్ర పట్టనివ్వకూడదు.

తట్టు సంగతి ఇంకా స్పష్టం. 1986లో ఇండోనేషియాలో ఆల్‌ఫ్రెడ్ సోమర్ బృందం విటమిన్ ఎ ఇచ్చిన ఊళ్లలో పిల్లల మరణాలు 34 శాతం తక్కువని చూపింది. 1990లో దక్షిణాఫ్రికా ఆస్పత్రిలో తట్టు ముదిరి చేరిన పిల్లలకు విటమిన్ ఎ ఇస్తే మరణాలు సగానికి పైగా తగ్గాయి. అదే 1990లో మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ చేసిన అధ్యయనంలో మాత్రం విటమిన్ ఎ ఇచ్చిన పిల్లలకూ ఇవ్వని పిల్లలకూ మరణాల్లో తేడా కనపడలేదు. ఇలా ఫలితాలు వేరుపడితే శాస్త్రం సిగ్గుపడదు, మళ్లీ చూస్తుంది. తట్టు వచ్చిన బిడ్డకు రెండు రోజులు విటమిన్ ఎ మోతాదు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం. మన ఇళ్లల్లో ఏం చేస్తాం? అమ్మవారు పోసిందని చప్పిడి పథ్యం, గుడ్డు పెట్టకూడదు, నూనె తగలకూడదు. తిండి లేక ఒళ్లు, విటమిన్ లేక కళ్లు పాడవుతాయి. ఈ అజ్ఞానాన్ని తిట్టడం తేలికే. ఆ తల్లికి చెప్పే బాధ్యత ఎవరిది?

టీకా బదులు విటమిన్ అని నేననడం లేదు. 2025లో టెక్సాస్‌లో తట్టు వ్యాపించినప్పుడు అలా నమ్మి పిల్లలకు విటమిన్ ఎ అతిగా పోసి, ఆ విషంతో ఆస్పత్రికి తెచ్చినవాళ్లున్నారు. టీకా టీకాయే, తిండి తిండే. రెండూ కావాలి.

మా వీధిలో ఒక పిల్లకు డెంగీ వచ్చింది. డిశ్చార్జి కాగితం మీద మందుల వరస ఉంది, తిండి గురించి ఒక్క ముక్క లేదు. అడిగితే 'ఏదైనా పెట్టొచ్చు' అన్నారట. ఏదైనా అంటే ఏది? జవాబు ఆస్పత్రి గేటు బయట దొరికింది: ప్లేట్‌లెట్లు పెంచుతుందని కివీ పండు, బొప్పాయి ఆకు రసం. డాక్టరు వదిలేసిన ఖాళీని బండివాడు నింపుకున్నాడు. కరోనాలో ఇదే చూశాం. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య నాటుమందు కోసం వేలమంది మీదపడి నిలబడ్డారు. ఆ జనాన్ని చూసి నవ్విన టీవీ చర్చల్లో ఒక్కరైనా, వైరస్‌కూ తిండికీ ఉన్న నిజమైన సంబంధం ఏమిటో జనానికి అంతకుముందు ఎవరు చెప్పారని అడిగారా? ఇమ్యూనిటీ అని అట్టపెట్టెల మీద అచ్చువేసి టీ పొడి నుంచి ఐస్‌క్రీం దాకా అమ్ముకున్నారు. గుడ్డు, పప్పు, మునగాకు, ఆకుకూర గురించి చెప్పడానికి మాత్రం ప్రకటన డబ్బులు ఎవరి దగ్గరా లేవు.

విటమిన్ ఎ కొరతకు మందుగా కూడా జన్యువునే చూపించారు. ఒంట్లో విటమిన్ ఎగా మారే పదార్థాన్ని బియ్యంలోనే పుట్టించే గోల్డెన్ రైస్. ఆలోచన చెడ్డదేం కాదు. దాన్ని 2008లో చైనాలోని హునాన్‌లో బడిపిల్లలకు పెట్టి పరీక్షించారు. తల్లిదండ్రులకు అది జన్యుమార్పిడి బియ్యమని సరిగా చెప్పనే లేదు. విషయం బయటపడి అధికారుల ఉద్యోగాలు పోయాయి, 2015లో ఆ పరిశోధన పత్రాన్ని పత్రిక వెనక్కి తీసుకుంది. పరీక్ష చేసినప్పుడు కూడా తినేవాళ్లకు చెప్పాలన్న ధ్యాస లేదు చూడండి. చేయకపోతే ఒక నిర్లక్ష్యం, చేస్తే ఇంకో నిర్లక్ష్యం. రెంటిలోనూ కంచం ముందు కూర్చున్న పిల్ల లెక్కలోకే రాలేదు.

మనకు సాకు కూడా లేదు, అదే నా ఏడుపు. కమల వరిని తయారుచేసిన సంస్థ రాజేంద్రనగర్‌లో ఉంది. పశువైద్య కళాశాల అక్కడే ఉంది. పోషకాహార సంస్థ తార్నాకలో, దానికి దగ్గర్లోనే భార్గవ కట్టిన సీసీఎంబీ. గొర్రె ఏం తిని చచ్చిందో చూడగలిగినవాళ్లు, బియ్యంలో ఏముందో చూడగలిగినవాళ్లు, రక్తం తక్కువున్న పిల్ల ఒంట్లో అది ఎలా అరుగుతుందో చూడగలిగినవాళ్లు ఒకే ఊళ్లో, ఒక సిటీ బస్సు టికెట్టు దూరంలో కూర్చున్నారు. రాజేంద్రనగర్ నుంచి తార్నాకకు ఆ బియ్యం బస్తా వెళ్లిందా? వెళితే ఎవరి మీద, ఎన్నాళ్లు, ఏం చూశారు? ఆ కాగితం తెలుగులో, రేషన్ షాపు గోడ మీద ఎప్పుడు అంటిస్తారు? వెళ్లకపోతే, ఎవరు ఆపారో ఆ పేరైనా చెప్పండి.